దీపావళి కానుకగా ఒక ఖాళీ గది

మేము దుప్పట్లు అమ్ముతాం. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు. ఇళ్ళకు కాదు, లాడ్జీలకు, ఆస్పత్రులకు, కల్యాణ మండపాలకు. నగరిలో మగ్గాల మీద నేసిన బట్ట తిరుపతిలోని మా షాపుకు వస్తుంది. ఇక్కడ కత్తిరించి, అంచులు కుట్టి పంపుతాం. కొండకు వచ్చినవాళ్ళు గుండ్లు చేయించుకుని, స్నానాలు చేసి, తడి తువ్వాళ్ళను లాడ్జీల బాల్కనీ కమ్మీల మీద ఆరేస్తారు. బస్సులో పోతూ వాటి అంచు చూసి 'ఇది మనదే' అనుకోవడం నాకు అలవాటైపోయింది. ఈ షాపులో చేరి మూడేళ్ళయింది మరి.

నా పని ఫోన్ ఎత్తడం, ఆర్డర్లు రాసుకోవడం. మనిషి ఎదురుగా ఉంటే నాకు మాట రాదు. ఫోన్లో అయితే అసలే రాదు. "నమస్తే సార్" అన్నాక నా దగ్గర ఇక సరుకుండదు. కాబట్టి అవతలివాళ్ళే మాట్లాడతారు. యాభై తువ్వాళ్ళు చెప్పడానికి ఫోన్ చేసినవాళ్ళు మోకాళ్ళ నొప్పి గురించి, కూతురి పరీక్షల గురించి, మండపం వంటాయన కోపం గురించి చెబుతారు. మధ్యలో ఆపడం తెలియక నేను వింటాను. సాయంత్రం గదికి పోయి అవన్నీ డైరీలో రాసుకుంటాను. ఎందుకు రాస్తానో నాకే తెలియదు. సొరుగులో ఆర్డర్ల పుస్తకం కింద నవల దాచుకుని చదివే మనిషిని. ఎవరి కథ దొరికినా పారేయబుద్ధి కాదు, అంతే.

షాపులో ఉండేది ముగ్గురం. మా సారు, నేను, కుట్టు మిషన్ దగ్గర అక్క. సారుది నగరి, మగ్గం ఇంట్లో పుట్టిన మనిషి. అక్క రోజూ పుత్తూరు నుంచి రైల్లో వస్తుంది. అక్క నోటికీ మిషన్‌కూ ఒకటే తేడా. మిషన్ కరెంటు పోతే ఆగుతుంది.

ఈ ఏడు దసరా వెళ్ళిన మర్నాటి నుంచి సారు మనసు మనసులో లేదు. బస్టాండు వెనక సందులో ఒక పాత లాడ్జీ ఉంది. సారు వాళ్ళ నాయన నగరి నుంచి తువ్వాళ్ళ మూట భుజాన వేసుకుని తిరుపతికి వచ్చిన కొత్తల్లో, మొట్టమొదట ఆ మూట విప్పించి పన్నెండు తువ్వాళ్ళు కొన్నది ఆ లాడ్జీ మేనేజరే. అప్పుడాయన పడుచువాడు, ఇప్పుడు పెద్దాయన. ముప్పై ఏళ్ళకు పైగా ప్రతి దసరాకూ రెండు వందల దుప్పట్లు అక్కడికి పోవడం పండగ రావడమంత ఖాయం. ఈసారి పండగ వచ్చింది, పోయింది. ఫోన్ రాలేదు. పైగా ఈరోడ్ నుంచి వచ్చే ఒకాయన ఆ లాడ్జీ వాకిట్లో దుప్పట్ల మూట దించుతుంటే చూశామని పక్క షాపువాళ్ళు చెప్పారు.

"ఒక మాట ఫోన్ చేసి అడగరాదా సార్?" అంది అక్క.

"నేనెందుకు అడగాల? వద్దనుకున్నోళ్ళ తావకు పోయి కాళ్ళు పట్టుకుంటామా?" అన్నారు సారు. అన్నారే గానీ, పది నిమిషాలకొకసారి నా టేబుల్ మీది ఫోన్ వైపు చూసేవారు. అది మోగితే మెడ ముందుకు సాచేవారు. నేను "నమస్తే మేడమ్" అనగానే మెడ వెనక్కి పోయేది.

రెండు రోజులకు ఆయనకో ఉపాయం తోచింది: దీపావళి కానుక.

మా షాపుకు ఒక ఆచారముంది. దీపావళికి ప్రతి కస్టమరుకూ ఒక వెంకటేశ్వరస్వామి పటం, అరకిలో మైసూర్‌పాకు ఇస్తాం. సారు వాళ్ళ నాయన మొదలుపెట్టారు. ఆయన ఇచ్చింది అరచేయంత పటం. సారు చేతికి వ్యాపారం వచ్చాక ఏటేటా సైజు పెరిగింది. పోయినేడు ఇచ్చినవాటిని నేనూ అక్కా చెరో పక్కా పట్టుకుంటే గానీ ఆటోలోకి ఎక్కించలేకపోయాం.

"ఈసారి లైట్లు వెలిగేది ఇస్తాం పాపా," అన్నారు సారు, దసరా వెళ్ళాక మొదటిసారి ఉత్సాహంగా. "చుట్టూరా లైట్లు. స్విచ్ వేస్తే స్వామి వెనకాల చక్రం తిరగతాది. ఆ పెద్దాయనకు మాత్రం నిలువెత్తుది. స్విచ్ వేసినప్పుడల్లా మనం గుర్తుకు రావాల."

అక్క దారం కొరికి, "నిలువెత్తు స్వామి అంటే ఆ లాడ్జీ కప్పుకు కిరీటం తగలదా సార్? పాత బిల్డింగు, కప్పు ఇంతే ఎత్తు," అంది.

అది వెక్కిరింత. సారు మాత్రం సలహా అనుకున్నారు. "నిజమే గదా! పాపా, నువ్వు పోయి గోడ కొలుచుకుని రా. నేను పంపించినానని మాత్రం చెప్పొద్దు."

టేపు పట్టుకుని, ఎవరు పంపారో చెప్పకుండా, ఎన్నడూ కాలు పెట్టని లాడ్జీలో గోడ కొలిచి రావాలి. నాకు అప్పటికప్పుడు జ్వరం వస్తే బాగుండుననిపించింది. రాలేదు. నడుచుకుంటూ పోయాను.

లాడ్జీ ముందు ఒక పెద్ద కుటుంబం బ్యాగుల మీద కూర్చుని పులిహోర తింటోంది. లోపల కౌంటరు వెనక తెల్ల చొక్కాలో మేనేజరు గారు. ఫోన్లో గొంతు తప్ప ఆయన్ను ఎప్పుడూ చూడలేదు.

"నమస్తే సార్," అన్నాను. అంతే.

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి నన్ను చూశారు. "నువ్వు దుప్పట్ల షాపు పాపవు గదా? ఈ నమస్తే మూడేండ్లుగా ఫోన్లో వింటా ఉండా. దీని తర్వాత ఏమీ రాదు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"చేతిలో ఆ టేపేంది?"

అబద్ధం చెప్పడానికి కూడా మాటలు కావాలి కదా. "గోడ కొలుద్దామని," అన్నాను.

"పటమా?"

తలూపాను.

"ఎంతుంటాది?"

చేయి నా తల మీదికి ఎత్తి చూపించాను.

"గోవిందా!" అన్నారాయన. అది భక్తితో అన్నది కాదని నాకు కూడా అర్థమైంది. బల్ల మీది రిజిస్టరు మూసి, సొరుగులోంచి తాళంచెవి తీశారు. "రా, నీకొకటి చూపిస్తా."

మోకాలి మీద చేయి వేసుకుని ఒక్కో మెట్టూ ఎక్కారు. మొదటి అంతస్తు చివర గది ముందు ఆగి, "చెప్పులు ఈడ వదులు," అన్నారు. తలుపు తీశారు.

గది నిండా స్వామి పటాలు. మూడు గోడలకూ వరసలు కట్టి, కిటికీకి అడ్డంగా, చెక్క బీరువా అరల్లో, బీరువా నెత్తిన, నేల మీద గోడకు ఆనించి. చిన్నవి ముందు, పెద్దవి వెనక. ప్రతి పటానికీ కుంకుమబొట్టు. అగరొత్తుల వాసన. స్వామి కళ్ళను నామం కప్పేసి ఉన్నా, అంతమంది స్వాములూ నన్నే చూస్తున్నట్టనిపించి తల దించుకున్నాను. దించుకుంటే పటాల కింద ఎర్రక్షరాల్లో మా షాపు పేరు కనిపించింది. అభినందనలతో.

"అన్నీ మీవే కావులే," అన్నారు మేనేజరు గారు నా ముఖం చూసి. "పాలాయన ఇస్తాడు, సబ్బులాయన ఇస్తాడు, గ్యాసాయన, జనరేటరు రిపేరు చేసేటాయన. అందరిదీ ఒకటే ఆలోచన. మీవి రవంత శానా."

"ఇది... పూజగదా సార్?"

"దుప్పట్ల గదమ్మా! అయ్యుణ్ణింది. మొదట్లో ఒక అర ఇచ్చినాను స్వామికి. తర్వాత బీరువా ఇచ్చినాను. తర్వాత గోడ. స్వామి ఉండే తావ మనుషులు పొర్లాడిన దుప్పట్లు పెడతామా? అవి వరండాలోకి పొయ్యినాయి, వానకు ముక్కిపొయ్యినాయి. ఇంగ కొత్తవి రెండొందలు ఒకేసారి తెస్తే నేను యాడ దించుకునేది? ఆ ఈరోడ్ ఆయన వారం వారం వచ్చి, పదో పదైదో ఇచ్చి పోతాడు. మీ బట్టంత బాగలేదు. నాకు తెలీదా?"

నేను మూడేళ్ళలో ఎవరినీ అడగనంత పెద్ద ప్రశ్న అడిగాను. "మా సారుకు చెప్పొచ్చు కదా సార్?"

"ఏమని? స్వామి పటం నాకొద్దప్పా అని ఏ నోటితో అనేది? తిరపతిలో ఉండి? అందులోనూ మీ సారోళ్ళ నాయన చేత్తో మొదలైంది."

"పోనీ ఎవరికైనా ఇచ్చేస్తే?"

"తిరపతిలో ఎవురికిస్తావు? స్వామి పటం లేని ఇల్లొకటి చూపించు, ఇప్పుడే ఇస్తా. పగిలినవైతే ఏట్లో కలపొచ్చు. ఒక్కటీ పగల్లేదే! మీ సారు ఏరేది అంత గట్టి గాజు." తలుపు మెల్లగా మూస్తూ అన్నారు, "మీ సారుకు చెప్పొద్దు. నొచ్చుకుంటాడు."

ఆ సాయంత్రం డైరీలో నాలుగు పేజీలు రాశాను. ఆ లాడ్జీని మళ్ళీ దగ్గరికి తెచ్చుకోవడానికి మా సారు కొనబోతున్నదే, ఆ లాడ్జీని మాకు దూరం చేసింది. ఇది నాకు తెలుసు, సారుకు తెలియదు. ఆయన నన్ను చెప్పవద్దన్నారు, ఈయన అడుగుతున్నారు. నవలలో అయితే ఇక్కడ పేజీ మడిచి పెట్టి, టీ తాగి వచ్చేదాన్ని.

రెండు రోజులు గడిపాను. "గోడ ఎంతుండాది పాపా?" అని సారు అడిగితే, "జనం ఉన్నారు సార్, కొలవలేదు," అన్నాను. రెండో సగం నిజమే.

అక్కకు మాత్రం దాచలేకపోయాను. "ఏమ్మే, రెండు దినాలుగా గలీబుల కుప్పను చూస్తా కూర్చుండావు. అందులో ఏమన్నా పుస్తకం దాచినావా?" అని పట్టుకుంది. చెప్పేశాను. అక్క మిషన్ ఆపి, కడుపు పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు చెప్పక్కా సారుకు," అన్నాను.

"నేను చెప్తే ఎగతాళి అనుకుంటాడు. నువ్వు చెప్పు. మాట్లాడనోళ్ళు మాట్లాడితే నిజమనుకుంటారు జనం."

మూడో రోజు పొద్దున సారు హెల్మెట్ చేతిలో పట్టుకుని పటాల షాపుకు బయల్దేరారు. గడప దాటబోతుండగా నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"సార్, ఆ గదిలో చోటు లేదు."

"ఏ గదిలో?"

ఒక్క ఊపిరిలో అంతా చెప్పాను. బీరువా, వరండా, ముక్కిన దుప్పట్లు, ఈరోడ్ ఆయన, గట్టి గాజు. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని నాకు తెలుసు.

సారు హెల్మెట్ బల్ల మీద పెట్టి కూర్చున్నారు. "మనవి ఎన్నుండాయి ఆడ?"

"అన్నీ ఉన్నాయి సార్."

సారు బల్ల మీది హెల్మెట్‌ను అటూ ఇటూ తిప్పారు. నా ఉద్యోగం గురించి నేను ఆలోచించుకుంటున్నాను. తర్వాత లేచి, "నడు," అన్నారు.

లాడ్జీ కౌంటరు దగ్గర ఇద్దరు పెద్దమనుషులూ ఒకరినొకరు చూసుకోకుండా పలకరించుకున్నారు. తర్వాత మేనేజరు గారు నా వైపు చూశారు. నేను గోడమీది గదుల నియమాలు చదువుతున్నట్టు నిలబడ్డాను.

"ఏంనా, ఒక్క మాట చెప్పకూడదా?" అన్నారు సారు.

"ఏం చెప్పేదప్పా? నువ్వు సంతోషంగా తెస్తావు."

"నేను సంతోషంగా తెస్తే, నువ్వు సంతోషంగా తీసుకుంటా ఉండావనుకుంటి."

"సంతోషంగానే తీసుకుంటి. పెట్టుకోను తావు లేకపోయె."

పైన గదిలో సారు చెప్పులు విడిచి, వరస వెంట మెల్లగా నడిచారు. తన వయసు తానే చూసుకుంటున్నట్టు ఉంది. "ఇది నా పెళ్ళైన ఏడుది... ఇది మగ్గాలు నాలుగు నెలలు ఆగిపోయిన ఏడుది. అప్పుడు కూడా మానలేదు." అరచేయంత పటం ఒకటి బీరువా పై అర మూలన ఉంది. చెక్క చట్రం, రంగు వెలిసిన కాగితం. కింద షాపు పేరు లేదు. అప్పటికింకా షాపు లేదు. సారు చేయి దాని మీదికి పోయింది.

"అది వదులు," అన్నారు మేనేజరు గారు. "అది నాకు మీ నాయన ఇచ్చింది. తక్కినవి నువ్వు ఏం చేసినా సరే."

సారు చేయి వెనక్కి తీసుకున్నారు. "ఈ ఏడు దీపావళికి నీకు పటం లేదునా," అన్నారు. "ఈ గది ఇస్తా. ఖాళీ చేసి ఇస్తా."

ఇచ్చేశారు మాట. పటాలు ఎక్కడికి పోవాలో మాత్రం తెలియదు. షాపుకు వచ్చి ముగ్గురం తలలు పట్టుకున్నాం. నిజానికి అక్క తల పట్టుకోలేదు. గలీబు కుడుతూనే, "మా కాలనీకి ఇయ్యండి," అంది.

పుత్తూరు బయట అక్కవాళ్ళకు కొత్త ఇళ్ళ కాలనీ ఒకటి లేచింది. గోడలు, కప్పులు అయ్యాయి. కార్తీకంలో అందరూ పాలు పొంగించి చేరాలని చూస్తున్నారు.

"కొత్తింట్లోకి మనిషి కంటే ముందర ఏం పోవాల సార్? స్వామి పటం. ఆడ ప్రతి గోడా బోడిగోడే."

"వాడినవి ఇస్తే జనం ఏమనుకుంటారు?"

"వాడినవేంది సార్! తిరపతిలో ఇన్నేండ్లు బొట్టుపెట్టి, అగరొత్తులు ముట్టించిన పటాలు. కొత్తవి అంగట్లో దొరకతాయి. ఇవి యాడ దొరకతాయి?"

సారు అక్కను అలా చూడటం నేను అంతకు ముందు చూడలేదు. జీతం పెంచుతారేమో అనుకున్నాను. పెంచలేదు. కాఫీ తెప్పించారు.

పటాలు దించిన రోజు వాన. మా వైపు దీపావళికి ముందు వాన రాకపోతే ఎవరికీ తోచదు. కుట్టు తప్పిన దుప్పట్లలో ఒక్కో పటాన్నీ చుట్టి మెట్ల మీదుగా దించుతున్నాం. చుట్టినా కిరీటం కొస బయటికి కనిపిస్తూనే ఉంది. మొదటి పటం దిగగానే, మెట్ల కింద నిలబడ్డ గుండు పెద్దాయన ఒకరు "గోవిందా!" అన్నారు. రెండోదానికి నలుగురన్నారు. తర్వాత గదుల్లోంచి జనం వచ్చి, చెప్పులు విడిచి, మెట్ల వెంట వరసగా నిలబడిపోయారు. పటం ఆ చేతుల మీదుగానే దిగడం మొదలైంది. ఒకామె ఎక్కడి నుంచో కర్పూరం కూడా తెచ్చింది.

"ఇది ఏ సేవ స్వామీ?" అని మేనేజరు గారిని అడిగింది.

"గది ఖాళీ చేసే సేవమ్మా," అన్నారాయన గంభీరంగా. ఆమె హారతి కళ్ళకద్దుకుంది.

మధ్యాహ్నానికి గది ఖాళీ అయింది. సారు వడ్రంగిని పిలిపించి నాలుగు కొత్త అరలు కొట్టించారు. చిన్న పటాన్ని మేనేజరు గారు కింద కౌంటరు పైన తగిలించారు. అంతా అయ్యాక ఆయన మా అందరికీ టీ పోయించి, వాన గురించి మాట్లాడారు. దుప్పట్ల గురించి ఒక్క మాట అనలేదు. సారు అడగలేదు.

ఇంకో చిక్కు వచ్చిపడింది. "మిగతా కస్టమర్ల గదులు కూడా ఇట్లే ఉంటాయేమో పాపా," అన్నారు సారు తిరిగి వస్తూ. "వాళ్ళకు ఏమిస్తాం? పట్టుమని పది దినాలు లేదు."

మర్నాడు నేను డైరీ తెచ్చాను. మూడేళ్ళలో అది షాపుకు రావడం అదే మొదటిసారి. ఎవరికీ ఇవ్వకుండా, గుండెకు దగ్గరగా పట్టుకుని, కావలసిన ముక్కలే చదివాను. కల్యాణ మండపం వంటాయన పొయ్యి మీది గుండిగలు దించడానికి చేతికి దొరికిన మా తువ్వాళ్ళనే చింపుతాడు, అదేమని అడిగితే ఓనరు గారి మీదే మండిపడతాడు. పిల్లల ఆస్పత్రి హెడ్ నర్సు తెల్ల దిండు చూస్తేనే పిల్లలు ఏడుస్తారంటుంది. రేణిగుంట రోడ్డు లాడ్జీ మేడమ్, చాకలికి వేసే మూట ప్రతి వారం దారిలో ఊడిపోతోందని చెబుతుంది.

"ఇవన్నీ నీకు ఎప్పుడు చెప్పినారు?" అన్నారు సారు.

"ఫోన్లో సార్. నేనేమీ అడగలేదు."

అక్క అప్పటికే కత్తిరింపుల బస్తా బోర్లించింది. దుప్పట్లు కోయగా మిగిలిన ముక్కలు ఎనిమిది మడతలు వేసి దట్టమైన మసిగుడ్డలు, రంగు అంచుల ముక్కలతో చిన్న దిండు గలీబులు, నాలుగు మూలలా నాడాలు కుట్టిన మూటగుడ్డ. సారు మసిగుడ్డను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు.

"దీపావళికి మసిగుడ్డ ఇస్తామా? జనం ముఖాన కొట్టరా?"

"కొట్టినా నొప్పి పుట్టదు సార్, మెత్తగా ఉండాది," అంది అక్క.

మైసూర్‌పాకు మాత్రం సారు మానలేదు. అరకిలో కాస్తా కిలో అయింది. మసిగుడ్డ చిన్నతనాన్ని అది కప్పేస్తుందని ఆయన నమ్మకం. కానుకలు పోయాయి. పండగ ముందు రోజు మండపం వంటాయన స్వయంగా ఫోన్ చేశాడు. మూడేళ్ళుగా ఆయన కోపం గురించి వినడమే గానీ గొంతు వినలేదు. "ఆ గుడ్డ కుట్టిన తల్లి ఎవురో, చల్లగుండాల," అని పెట్టేశాడు. నర్సు గారు ఒక ఫోటో పంపారు: చారల దిండు మీద బోర్లా పడుకుని నిద్రపోతున్న పసివాడు. అందరికీ నచ్చలేదు. అలిపిరి వైపు కొత్త లాడ్జీ ఆయన ఫోన్ చేసి కేకలేశాడు. "పటం యాడ? రిసెప్షన్లో మేకు కొట్టి పెట్టుకోనుండాం!"

సారు ముఖం వెలిగిపోయింది. "సూస్తివా? కావాలనేటోళ్ళు కూడా ఉంటారు!" అని మమ్మల్నిద్దరినీ గెలిచినట్టు చూసి, హెల్మెట్ పెట్టుకుని పోయి ఒక పటం కొని ఇచ్చి వచ్చారు. ఆ మేకు సంగతి నా డైరీలో లేదు. అది నా తప్పే.

దీపావళి వచ్చింది. తడిసిన టపాసులు సగం పేలాయి. పాత లాడ్జీ నుంచి మాత్రం ఆర్డర్ రాలేదు. షాపు తెరిచిన రోజు అక్క నోముకు చేసిన అత్తిరసాలు, అదే అరిసెలు, తెచ్చింది. సారు ఒకటి చేతిలో పట్టుకుని తినకుండా కూర్చున్నారు.

"ఏటా పటం తీసుకుని పోతే ఒక పలకరింపన్నా ఉణ్ణింది," అన్నారు చివరికి. "అది కూడా మనమే తీసేసి వచ్చినట్టుండామే పాపా."

ఆ గడప దగ్గర నోరు తెరవకపోతే ఏమయ్యేదని తర్వాతి రెండు రోజులూ డైరీలో రకరకాలుగా రాసి చూశాను. ఏ విధంగా రాసినా నిలువెత్తు స్వామి మెట్ల మీద ఇరుక్కునేవాడు.

సోమవారం పొద్దున షాపు ముందు ఆటో ఆగింది. ముందు ఒక పెద్ద కట్ట దిగింది, దాని వెనక మేనేజరు గారు దిగారు. న్యూస్ పేపర్ చుట్టిన ఆ నలుపలకల కట్ట ఏమిటో మా ముగ్గురికీ విప్పకుండానే తెలిసిపోయింది. సారు లేచి నిలబడ్డారు.

"ఏంనా ఇది?"

"గ్యాసాయన ఇచ్చినాడు, దీపావళికి. లైట్లుండాయి. చక్రం తిరగతాది." మేనేజరు గారు దాన్ని గోడకు ఆనించి, ఊపిరి తీసుకుని కుర్చీలో కూర్చున్నారు. "నా తావ చోటు లేదప్పా. నువ్వే ఏదన్నా చెయ్యి."

అక్క దారం కొరకడానికి వంగి, వంగిన తల ఎత్తలేదు.

"చోటెందుకు లేదునా? గది మొత్తం ఖాళీ చేసిస్తిమి గదా," అన్నారు సారు, గొంతు తగ్గించి.

"యాడ ఖాళీ? ఈ వారం మీ దుప్పట్లొస్తే అరలన్నీ నిండిపోవూ?"

సారు ఒకడుగు ముందుకు వేశారు. "ఏ దుప్పట్లు?"

"ఎప్పుడూ ఇచ్చేవే. రెండొందలు. దసరాకు ఇయ్యాల్సినవి. ఫోన్లో చెప్పొచ్చు గానీ, ఈ పాప నమస్తే అని ఊరకుంటాది. నేను మోకాళ్ళ కథ మొదలు పెడతాను. అసలుది మరిచిపోతాను. రెండు తూర్లు అట్లే ఫోన్ పెట్టేస్తి. అందుకే ఆటో ఎక్కి వచ్చినాను."

నిజమే. పండగ తర్వాత రెండుసార్లు ఆయన ఫోన్ చేశారు, సారు బ్యాంకుకు పోయినప్పుడు. రెండుసార్లూ నొప్పి గురించే చెప్పారు. నేను అది కూడా డైరీలో రాసుకున్నాను, ఆర్డర్ మాట రాలేదు కాబట్టి సారుకు చెప్పలేదు.

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అత్తిరసాల డబ్బా మేనేజరు గారి ముందుకు జరిపి, "తిను అన్నా," అన్నారు. అంతకు మించి ఆయనకూ మాట రాలేదు. నా వైపు తిరిగి, రాసుకోమన్నట్టు చేయి ఊపారు.

"ఈ పటం నాకియ్యండి సార్," అంది అక్క. "కాలనీలో అందరికీ పంచితి. పంచిన చేతికి ఒక్కటీ మిగల్లేదు."

"మీ కాలనీకి కరెంటొచ్చిందా?"

"యాడ? ఇంగా స్తంభాలే నాటలేదు."

"మరి లైట్ల పటం పెట్టుకుని ఏం చేస్తావమ్మా?" అన్నారు మేనేజరు గారు.

"వచ్చేదాకా ముందర ప్రమిద పెడతా. చక్రం చేత్తో తిప్పుకుంటా."

ఇద్దరు పెద్దమనుషులూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వులో నేను ఆర్డర్ల పుస్తకం తెరిచి, తేదీ వేసి, దుప్పట్లు రెండు వందలు అని రాశాను. సాధారణంగా అక్కడితో గీత గీస్తాను. ఈసారి కింద ఇంకో వరస రాశాను: పై అంతస్తు దాకా మనమే మోసి, అరల్లో సర్ది ఇవ్వాలి. మేనేజరు గారికి మోకాళ్ళ నొప్పి.